ఆసుపత్రి గోడ మీద మన ఊరి బొమ్మ: అలంకారమా, అవసరమా?

శేరిలింగంపల్లి మండలంలోని ఒకనాటి పల్లెలు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి నేడు హైటెక్ సిటీలో కలిసిపోయిన సంగతి విదితమే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంపెనీల వెంట ఆసుపత్రులూ వచ్చాయి. 2020లో కరోనా విజృంభించినప్పుడు గచ్చిబౌలిలో క్రీడాకారుల బస కోసం కట్టిన టవరునే కొద్ది వారాలలో ప్రభుత్వం 1500 పడకల ఆసుపత్రిగా మార్చింది. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వైపు పల్లెల నుంచి రోగులను వెంటబెట్టుకుని జనం ఈ వైపే వస్తున్నారు.

పెద్ద ఆసుపత్రిలో అడుగు పెట్టగానే పల్లెవాసికి దిక్కు తోచదు. ఏ గది ఎక్కడుందో తెలియదు. చదువు రానివారికి బోర్డు ఉన్నా లేనట్లే. డాక్టరు పిలిచేదాకా గంటల తరబడి తెల్లగోడను చూస్తూ కూర్చోవాలి. ఇక్కడే బొమ్మల ప్రసక్తి వస్తున్నది.

బంజారాహిల్స్ అనుభవం

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన కోటి రూపాయలు, అయిదెకరాల స్థలంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి నెలకొల్పారు. 1987 నుంచి పనిచేస్తున్న ఆ సంస్థలో డబ్బు చెల్లించలేని వారికి ఉచితంగా వైద్యం చేస్తున్నారు. ఖమ్మం జిల్లా మధిరలో పుట్టిన ప్రముఖ చిత్రకారుడు సూర్యప్రకాశ్‌ను ఆ ఆసుపత్రి తన ఆస్థాన చిత్రకారుడిగా పెట్టుకున్నది. 2019లో కన్నుమూసిన ఆయన చెట్లు, ఆకులు, నీటిలో నీడల చిత్రాలకు పేరు పొందారు. ఆసుపత్రిలో చిత్రకారునికీ చోటుండాలని గుర్తించడం గమనార్హం.

మన బొమ్మలు మనకే దూరం

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి, ఎర్రని నేల మీద బొమ్మలు గీస్తారు. ఒకప్పుడు ఈ పటాలు ఊరూరా తిరిగాయి. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలి వారు జాంబ పురాణం పటం చూపుతూ చెప్పేవారు. అక్షరం రానివాడికీ కథ అర్థమయ్యేది. సినిమాలు, టీవీలు వచ్చాక పటం కథలు తగ్గిపోయాయి. ఇప్పుడు చేర్యాల పని చేస్తున్న కుటుంబాలు చాలా తక్కువ.

నేడు మాదాపూర్ శిల్పారామంలో ఇటువంటి కళలను టికెట్టు కొని చూడవలసి వస్తున్నది. అక్కడికి ఎంతో దూరం లేని కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే పేదలకు ఆ బొమ్మలు ఎందుకు కనబడకూడదు?

పడకలు ముందా, బొమ్మలు ముందా?

మందులు, పడకలు, నర్సులు చాలని చోట బొమ్మలెందుకని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. మందుల పద్దు తగ్గించి గోడలకు రంగులు వేయమని ఎవరూ కోరరు. అయితే కొత్త భవనానికి ఎటూ రంగులు వేయక తప్పదు. ఆ పద్దులో కొంత కళాకారుడికి చేరితే చాలు.

అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1984లో ఒక పరిశీలన ప్రకటించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల వివరాలు చూశారు. కిటికీలోంచి చెట్లు కనబడిన వారు, ఇటుకగోడ కనబడిన వారికంటే ముక్కాలు రోజు ముందుగా ఇంటికి వెళ్లారు. తీవ్రమైన నొప్పి మాత్రలూ తక్కువే వాడారు. అది చెట్ల సంగతే గాని బొమ్మల సంగతి కాదు. అయినా రోగి కంటికి ఏది కనబడుతున్నదో పట్టించుకోవాలని అది చెబుతున్నది. కళల వల్ల ఆరోగ్యానికి కలిగే మేలుపై 3 వేలకు పైగా అధ్యయనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సమీక్షించింది. బొమ్మ మందుకు బదులు కాదు. బెదురు తగ్గించగలదు, దారి చూపగలదు.

చేయవలసింది

కొత్తగా ఏ ప్రభుత్వ ఆసుపత్రి కట్టినా ఒక్కో విభాగానికి ఒక్కో గుర్తు పెట్టాలి. కళ్లకు నెమలి, పిల్లలకు ఆవుదూడ, ఎముకలకు ఎడ్లబండి అనుకుంటే, “నెమలి బొమ్మ వెంటే పో అవ్వా” అంటే చాలు. ఏ బొమ్మలు కావాలో గ్రామ సభల్లో అడగాలి. ఎవరినీ కించపరిచేవి ఉండరాదు. నకాషీలకు ఉచిత సేవ పేరుతో ఎగనామం పెట్టకుండా తగిన కూలి చెల్లించాలి. ఆసుపత్రి గోడలను తరచు కడుగుతారు కనుక నీటికి చెడని రంగులే వాడాలి.

మన ఊళ్ల పొలాల మీద లేచిన ఈ నగరంలో మన ఊరి గుర్తు ఒక్కటైనా ఆసుపత్రి గోడ మీద ఉండాలని కోరడం అత్యాశ కాదు. జిల్లా అధికారులు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాలు ఈ విషయమై దృష్టి సారించవలసి ఉంది.