నాలుగవది తాత్పర్యం

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు వాచకాలు చెప్పుకొని బ్రతికినవాడు సాఫ్ట్‌వేర్ వివరణల జోలికి పోవడమేమిటని విజ్ఞులైన మిత్రులకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా మొన్న మా ఇంట జరిగిన ముచ్చట ఒకటి నన్ను ఊరకుండనీయలేదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు బెంగుళూరులో ఉద్యోగం. పండుగకు తిరుపతి వచ్చినవాడు నన్ను చూడవచ్చి, "అయ్యవారూ, ఒక చిన్న పనిముట్టు చేసినాను. దానికి తెలుగులో వివరణ వ్రాసిపెట్టాల" అన్నాడు. "ఏం చేస్తుంది నాయనా అది?" అన్నాను. కృత్రిమ మేధ ఏజెంట్లు పనికి దిగే ముందు వాటికి కావలసిన అమరికలన్నీ సరిగా ఉన్నవో లేవో పరీక్షిస్తుందట.

అమరికలంటే ప్రోగ్రాముకు వెలుపల ఉంచే పేర్లూ వాటి విలువలూ. ఏ డేటాబేసుతో మాట్లాడాలి, ఏ పోర్టు వాడాలి, ఏ రహస్యపు తాళంచెవితో లోపలికి పోవాలి అన్నవి. 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్ నుండి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనే పేరుతో ఇవి వాడుకలో ఉన్నాయి. అమరికలను ప్రోగ్రాములో కలిపివేయక ఇలా విడిగా ఉంచమని 2011 ప్రాంతంలో హెరోకూ ఇంజనీర్లు "ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్" అనే సూత్రాలలో చెప్పారు.

వాడు చెబుతూ ఉంటే నాకు చిన్ననాటి తర్కపాఠం జ్ఞాపకం వచ్చింది. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలన్నారు మన పెద్దలు. "రాముడు పుస్తకమును" అని ఆగిపోతే వినేవాడు తక్కిన మాటకోసం ఎదురుచూస్తాడు, అది ఆకాంక్ష. తప్పనిసరిగా ఉండవలసిన పేరు లేకపోతే ప్రోగ్రాము పరిస్థితీ అదే. "నిప్పుతో తడిపెను" అన్నప్పుడు మాటలన్నీ ఉన్నా పొసగవు. అక్కడ లోపించినది యోగ్యత. పోర్టు సంఖ్య ఉండవలసిన చోట ఊరి పేరో, 65535 దాటిన అంకెయో ఉంటే ఆ దోషమే. ఒక మాట ఉదయం, మరొక మాట సాయంత్రం పలికితే వాక్యం కాదు, సన్నిధి లేదు. ఒక టెర్మినల్‌లో పెట్టిన విలువ, విడిగా తెరిచిన మరొక టెర్మినల్‌లో నడిచే ఏజెంటుకు అందదు.

మావాడి పనిముట్టు ఈ మూడు దోషాలనూ పట్టుకొంటుంది. మెచ్చుకొన్నాను. అయితే వాడు తెచ్చిన ఆంగ్ల వివరణ చూచి నిరాశపడ్డాను. పదకొండు పేర్లు, ఒక్కొక్కదాని ఎదుట "తప్పనిసరి" అనో "ఐచ్ఛికం" అనో ఒక మాట, అంతే. తప్పు దొరికితే పనిముట్టు చెప్పేది కూడా "అమరిక చెల్లదు" అని మాత్రమే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అలాగే దిద్దేవాణ్ణి. ఎర్రసిరాతో సున్న చుట్టి నోటుబుక్కు విసిరేసేవాణ్ణి. పిల్లలు ఆ తప్పునే మరొక విధంగా తిరిగి వ్రాసేవారు. ఎందుకు తప్పో నేను చెప్పలేదు కదా!

మనిషైతే ప్రక్క బల్లవాణ్ణి అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు అడగదు, ఊహించి పూరిస్తుంది. ఒక్కొక్కప్పుడు పరీక్షనే తప్పించుకొనే దారి వెదుకుతుంది.

ఆ మూడింటికీ తోడు తాత్పర్యజ్ఞానం కూడా కావాలన్నారు శాస్త్రకారులు. "సైంధవం తెమ్ము" అంటే భోజనం వేళ ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం. డేటాబేసు చిరునామా కూడా అటువంటిదే. అభ్యాసానికి వాడేదీ, అసలుదీ చూడడానికి ఒక్క తీరుగానే ఉంటాయి. పరీక్షలో రెండూ నెగ్గుతాయి. 2025 జులైలో రెప్లిట్ సంస్థవారి ఏజెంటు, మార్పులు చేయవద్దని చెప్పినా వినక, ఒక వాడుకరి అసలు డేటాబేసును చెరిపివేసింది. అభ్యాసపు డేటాబేసునూ అసలుదానినీ వేరుచేసే ఏర్పాటు చేస్తున్నామని ఆ సంస్థ తరువాత ప్రకటించింది.

కనుక నేను మావాడితో అన్నది ఇది. ప్రతి పేరుకూ అదేమిటో, ఎందుకు కావాలో, ఎక్కడ దొరుకుతుందో, లేకపోతే ఏమవుతుందో, ఏ సందర్భంలో ఆగి మనిషిని అడగాలో వ్రాయి. రహస్యాలకు పేరు వ్రాయి, విలువ వ్రాయకు. తప్పు చూపేటప్పుడు కూడా ఆ విలువ తెరమీదికి రానీయకు.

"ఇదంతా ఎవరు చదువుతారయ్యవారూ? నాలుగు దినాలకు పాతబడిపోతుంది" అన్నాడు. పాతబడే మాట నిజమే. పేర్ల పట్టికను పనిముట్టు చేతనే తయారు చేయించు, తాత్పర్యం మాత్రం నీవు వ్రాయి అన్నాను. ఇక చదివేవారంటావా, ఏజెంట్లకోసమే "ఏజెంట్స్.ఎండీ" అని ఒక ఫైలు వ్రాసిపెట్టే ఆచారం 2025లో వ్యాప్తిలోకి వచ్చింది. మనుషులు తిప్పి చూడని వివరణను మొదటే తెరిచి చదివే పాఠకుడు ఇన్నాళ్లకు దొరికితే, వాడికి పేర్ల పట్టిక ఒక్కటే ఇస్తామా?

మా కొండమీది సంగతి కూడా చెప్పాను. తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకులమీద చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఆనాటి గాయకులకు అవి నోటికి తెలిసినవే కాబోలు, వ్రాయనక్కరలేదనుకొన్నారు. అందువలన ఇరవయ్యవ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరకల్పన చేయవలసి వచ్చింది.

మావాడు కాసేపు ఊరకుండి, పట్టిక ముందు పెట్టుకొని పెన్సిలు తీశాడు. పదకొండు పేర్లలో నాలుగు ఎందుకు పెట్టాడో వాడికే జ్ఞాపకం లేదు. పనిముట్టు చేసి ఆరు నెలలే అయింది. ఆ నాలుగూ తేల్చుకొని రమ్మన్నాను. వచ్చిన తరువాతనే తెలుగు వివరణ.

మీలో ప్రోగ్రాములు వ్రాసే మిత్రులున్నారు. మీ పట్టికలో అటువంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

స్వస్తి.