మీసాల మహారాజు

దేవుళ్లకు వాహనాలున్నట్టే కంపెనీలకు బొమ్మలుంటాయి. ఎలుకను చూసి వినాయకుణ్ణి పోల్చుకున్నట్టు, బొమ్మను చూసి సరుకేదో పోల్చుకుంటాం. చదువురాని వాళ్లు దుకాణంలో పేరు అడగరు, ఫలానా బొమ్మది ఇమ్మంటారు.

శంషాబాద్ విమానాశ్రయానికి ఎవరినైనా దిగబెట్టడానికి వెళ్లినప్పుడల్లా నాకు ఎయిరిండియా వారి మహారాజు జ్ఞాపకం వస్తాడు. పెద్ద తలపాగా, మెలితిరిగిన మీసాలు, కోటేరు ముక్కు, గుండెమీద చెయ్యి, వంచిన నడుము. ఈయన 1946లో బొంబాయిలో పుట్టాడు. కంపెనీ అధికారి బాబీ కూకా వూహించగా, జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థ చిత్రకారుడు ఉమేశ్ రావు గీశాడు. మొదట్లో ప్రయాణికులకిచ్చే చిన్న కాగితాల పుస్తకం కోసం వేసిన బొమ్మ అది. 1948 జూన్‌లో ఆ కంపెనీ విమానం బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరింది. ఇక మహారాజు ఏ దేశం వెళితే ఆ దేశం వేషం కట్టాడు. జపానులో సుమో మల్లుడు, పారిస్‌లో రసికశిఖామణి! చూపులకే రాజుగాని ఒంట్లో వున్నది రాజరక్తం కాదని కూకాగారే చెప్పుకున్నారు.

"రాజు దణ్ణం పెట్టడమేమిటి సార్? మనం కదా ఆయనకు పెట్టాలి?" అని మా క్లాసులో ఒక కుర్రవాడు అడిగాడు. నిజమే మరి. కాని కాలం చూడండి. బొమ్మ పుట్టిన రెండేళ్లకు హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. 1971లో రాజభరణాలు కూడా రద్దయినాయి. అసలు రాజులు తప్పుకున్నారు, కాగితం రాజు మిగిలాడు. టిక్కెట్టు కొన్నవాడే ప్రభువన్న కొత్త ధర్మాన్ని ఆయన నడుము వంచి చెబుతున్నాడన్నమాట. 1953లో కంపెనీ ప్రభుత్వపరమైనా, 2022లో తిరిగి టాటాల చేతికి వచ్చినా ఆయన మీసం దిగలేదు. మన నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఆ 1953లోనే జాతీయమైంది. ఈవేళ దాని పేరు ఎందరికి తెలుసు?

అమెరికాలో ఒక గద్ద కథ యింతకన్నా చిత్రమైనది. 1861లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓజిబ్వే ఆదివాసులు ఒక గద్దపిల్లను కొంచెం మొక్కజొన్నలకు మారుబేరం యిచ్చేశారు. అది సైనికుల చేతికి చేరి, లింకన్ పేరిట 'ఓల్డ్ ఏబ్' అయి, అంతర్యుద్ధంలో పటాలం వెంట తిరిగింది. నూర్పిడి యంత్రాలు చేసే జెరోమ్ కేస్ దాన్ని చూసి ముచ్చటపడి, 1865లో తన కంపెనీకి గుర్తుగా పెట్టుకున్నాడు. గింజలకు మారిన పక్షి, గింజలు నూర్చే యంత్రాలను 1969 వరకు, అంటే నూరేళ్లకు పైగా అమ్మిపెట్టింది! ఆ పక్షి మాత్రం అగ్నిప్రమాదంలో పొగ పీల్చి 1881లో చచ్చిపోయింది. దాచివుంచిన దాని కళేబరం కూడా 1904లో శాసనసభాభవనంతో బాటు కాలిపోయింది. తన బొమ్మ వల్ల ఎవరికెంత లాభం వచ్చిందో పాపం ఆ పక్షికేం తెలుసు?

ఆ మాటకొస్తే శంషాబాద్ నేలకు మాత్రం ఏం తెలుసు? 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. దానికింద సుమారు 5,500 ఎకరాలు పోయాయి. అందులో సేద్యపు భూములూ వున్నాయి. ఒకప్పుడు నాగలి నడిచిన చోట యిప్పుడు విమానం చక్రాలు దొర్లుతున్నాయి. వూరికి రాకపోకలు పెరిగాయి, వుద్యోగాలు వచ్చాయి, కాదనను. కాని ఆ చేలు దున్నినవాళ్లలో ఆ విమానం ఎక్కినవాళ్లు ఎందరో?

ప్రకటన బొమ్మ ఎప్పుడూ కొనేవాడి వంకే చూస్తుంది. నేల యిచ్చినవాడికి నమస్కరించమని మహారాజుకు ఎవరూ జీతం యివ్వరు. ఆ నమస్కారమేదో మనమే పెట్టాలి. దానికి తలపాగా, మీసాలు అక్కర్లేదు.