మన్ననూర్ గోడ మీదికి రావలసిన చెంచుల చిత్రాలు

వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, రెండో ప్రపంచయుద్ధం మూలంగా హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవలసివచ్చి, 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటలు (అడవిలోని చిన్న గూడేలు) తిరిగి తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాల్లో కొన్ని 1943 నాటి ఆయన గ్రంథం 'ది చెంచూస్'లో అచ్చయ్యాయి. ఆయన చిత్రసంపద ఇప్పుడు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. నల్లమలకు వాకిలి వంటి మన్ననూర్‌లో అవి పెద్ద ప్రతులుగా కొలువుదీరాలని, అందుకు తగిన ముద్రణావిధానం నేడు అందుబాటులో ఉందని ఈ పత్రిక అభిప్రాయం.

ఆ విధానం ఇంక్‌జెట్. అచ్చు నమూనాల కోసం తయారైన ఐరిస్ యంత్రంతో సంగీతకారుడు గ్రాహమ్ నాష్ 1991లో కాలిఫోర్నియాలో కళాప్రతుల ముద్రణాలయం నెలకొల్పాడు గానీ, తొలినాటి సిరా నీటిలో కరిగే డై కావడంతో వెలుతురుకు వెలిసిపోయేది. తరువాత వచ్చిన పిగ్మెంట్ సిరాలో రంగు కరగని సూక్ష్మరేణువులుగా ఉంటుంది కాబట్టి ఎక్కువకాలం నిలుస్తుంది. పాత పుస్తకాల హాఫ్‌టోన్ అచ్చు ఒకే నల్లసిరా చుక్కలను పెద్దవిగా, చిన్నవిగా పరిచి బూడిదరంగును భ్రమింపజేస్తే, ఇక్కడ నలుపుతోపాటు ముదురు, లేత బూడిద సిరాలు వేర్వేరుగా, లీటరులో లక్షకోట్లవ వంతైన పికోలీటర్ల కొలతలో, కాగితం మీద పడతాయి. అందువల్ల గడ్డికప్పు గుడిసె లోపలి చీకటికీ, గుమ్మంలో నిలిచిన మనిషి భుజం నలుపుకూ తేడా చెదరదు, వింటినారి సన్నని గీత తెగదు.

కాగితం ఆమ్లం లేని నూలుపీచుదై ఉండాలి. తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాలున్న కాగితం కాలక్రమంలో పసుపెక్కుతుంది. వానాకాలపు చెమ్మకు ముద్రించిన చిత్రం పటం అద్దానికి అతుక్కోకుండా మధ్య ఖాళీ వదలాలి. నెగెటివ్ మీది గీతలను తుడిచినా తుడవవచ్చు గాని, కంప్యూటర్‌లో రంగులు పూయడం మాత్రం తగదు. అది ఆ మనుషుల ముఖాలకు చేసే అన్యాయం.

ఈ చిత్రాల్లోని వారు ఎవరికో తాతలు, అవ్వలు. కనుక ఏది గోడకెక్కాలో, ఏది ఎక్కకూడదో అప్పాపూర్ మొదలైన పెంటల పెద్దలే చెప్పాలి, గుర్తుపట్టిన పేర్లను వారి చేతనే తెలుగు శీర్షికలుగా చెప్పించాలి. ఆ సంప్రదింపులు పెద్ద ముద్రణకు ముందే, చేతిలో పట్టే చిన్న పరీక్షాప్రతులతో జరగాలి.