పప్పు ఉడికిన నీరెల్ల మంచినీరు కాదు

మన పల్లెలలో నీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు తరతరములుగా రెండు పరీక్షలు కలవు. కందిపప్పు త్వరగా ఉడికి, సబ్బు బాగుగా నురుగు వచ్చినచో ఆ నీరు మంచిదందురు. లేనిచో గడుసు నీరని ప్రక్కకు పెట్టుదురు. ఈ పరీక్షలు ఊరక పుట్టినవి కావు. నీటిలో సున్నపు అంశము, అనగా కాల్షియము, ఎక్కువగా నున్నదో లేదో ఇవి చక్కగా పట్టి ఇచ్చును. కాని రైతు సోదరులారా, ఫ్లోరైడు విషయమున ఈ పరీక్షలే మనలను మోసగింపగలవు. పప్పు వెన్నవలె ఉడికిన బోరు నీటిలోనే ఫ్లోరైడు హెచ్చుగా నుండుట కలదు. అది ఎట్లో కొంచెము ఓపికతో చదువుడు.

మన మెట్ట ప్రాంతముల అడుగున నున్న గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము వంటి ఖనిజములు కలవు. ఫ్లోరైడు వీటిలో ఇమిడియున్నది. ఫ్లోరైటు అనునది కాల్షియమును ఫ్లోరైడును కలిసి ఏర్పడిన రాయి. స్వచ్ఛమైన నీరు లీటరునకు ఇది సుమారు 16 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును. అందులో ఫ్లోరైడు వంతు సుమారు 8 మిల్లీగ్రాములు. నీటిలో ముందే కాల్షియము ఉన్నచో అంత కూడ కరుగదు. భౌతిక రసాయన శాస్త్రజ్ఞులు దీనిని ఒక లెక్కగా కట్టిరి. కాల్షియము సంఖ్యను ఫ్లోరైడు వర్గముతో హెచ్చించగా వచ్చు ఫలము ఒక హద్దును దాటరాదు. దాటినచో రెండును కలిసి మరల గట్టిపదార్థమై అడుగునకు దిగును. కావున నీటిలో కాల్షియము నాలుగవ వంతునకు తగ్గినచో ఫ్లోరైడు రెట్టింపు వరకు నిలువగలదు.

సోడా క్షారము గల నీటిలో జరుగునది ఇదియే. అందు కాల్షియము సున్నపురాయిగా దిగిపోవును, సోడియము మిగులును. కాల్షియము పోయినందున పప్పు ఉడుకును, సబ్బు నురుగు వచ్చును, ఫ్లోరైడునకును అడ్డు తొలగును. చౌడు పట్టిన పొలమునకు మీరు జిప్సము వేయుట ఎందులకు? మట్టినుండి సోడియమును నెట్టివేసి ఆ చోటున కాల్షియమును నిలుపుటకే గదా. పొలమును చౌడు చేయగల బోరు నీటిని త్రాగుటకు ముందు మరి రెండుమారులు ఆలోచింపవలెనని నేననుట అందులకే. ఇట్టి నీరంతయు చెడ్డదని నా భావము కాదు. పరీక్షింపక మంచిదనరాదనుటే నా భావము.

ఫ్లోరైడు నీటికి రంగును, వాసనను, రుచిని ఇయ్యదు. కాచినను పోదు, నీరు ఆవిరియైపోగా మిగిలినదానిలో మరింత చిక్కబడును. ఇంటిలో మరిగించి చల్లార్చి త్రాగుచున్నామని ధైర్యముతో నుండువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక. కాచుట వలన క్రిములు చచ్చును, ఫ్లోరైడు చావదు.

ఈ వ్యాధి చరిత్రలో మన రైతులకు ఒక స్థానము కలదు. 1930 తరువాతి సంవత్సరములలో, కీళ్ళు బిగిసి నడువలేకపోవుచున్న ఎద్దులను చూచి దీనిని మొదట గుర్తించినది మన ఆంధ్ర రైతులేయని చెప్పుదురు. 1937 లో డాక్టరు షార్టు, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామములలో మనుష్యులకు కలిగిన ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. 1955 లో డాక్టరు సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని స్థితిని బ్రిటిషు వైద్య పత్రికలో వివరించెను. చిన్నతనములో ఈ నీరు త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును. ఏండ్ల తరబడి త్రాగినచో వెన్ను, మెడ బిగిసిపోవును. తల త్రిప్పవలెనన్న మనిషి మొత్తము తిరుగవలసి వచ్చును. ఒకసారి బిగిసిన ఎముకను వదలించు మందు లేదు.

ఇక లెక్క చూడుడు. మన దేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును. కచేరీలో నీడపట్టున కూర్చుండువాడు రోజునకు రెండు లీటర్లు త్రాగునేమో. ఎండలో కలుపు తీయు కూలి తల్లి ఐదు లీటర్లు త్రాగును. 1.5 మిల్లీగ్రాముల నీటిలో మొదటివానికి చేరునది 3 మిల్లీగ్రాములు, ఆమెకు చేరునది ఏడున్నర. 4 మిల్లీగ్రాములున్న బోరైనచో ఆమెకు రోజునకు 20 మిల్లీగ్రాములు! అమెరికా ప్రజారోగ్య శాఖ 1962 లోనే ఆయా ప్రాంతముల వేడిమిని బట్టి ఈ హద్దును మార్చి నిర్ణయించినది. ఎండ ఎక్కువైన చోట హద్దు తక్కువగా నుండవలెనను ఆలోచన కొత్తది కాదు. మన పొలములలో దానిని పట్టించుకొన్నవారు మాత్రము తక్కువ.

నివారణకు శాస్త్రజ్ఞులు ఏమియు చేయలేదనుకొనరాదు. సున్నము ఒక్కటే కలిపినచో, పైన చెప్పిన కరుగుదల హద్దు వలన, ఫ్లోరైడు 8 మిల్లీగ్రాముల ప్రాంతమున ఆగిపోవును. త్రాగుటకు అది చాలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 ప్రాంతములలో పటికతో ఒక పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పటిక నీటిలో విడిపోయి దూదిపింజల వంటి తెట్టెలు కట్టును. ఫ్లోరైడు ఆ తెట్టెల ఒంటికి అంటుకొని వాటితోపాటు అడుగునకు చేరును. పటిక వలన పుట్టు పులుపును సరిచేయుటకు కొంచెము సున్నము, క్రిములకు బ్లీచింగు పొడి కలుపుదురు. ఒక బక్కెట్టు, ఒక కఱ్ఱ, ఒక గంట కాలము ఉన్నచో ఇంటిలోనే చేయదగినంత సులభమైన పని.

అయినను ఈ పద్ధతి కొరకు కట్టిన కేంద్రములు పెక్కుచోట్ల మూలబడినవి. కారణములలో నాకు ముఖ్యముగా తోచునది ఒక్కటి. బురదనీటిని తేర్చుటకు లీటరునకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక చాలును. ఫ్లోరైడునకు కొన్ని వందలు కావలెను. ఆ వందలు ఎన్ని యనునది ఆ బావిలోని ఫ్లోరైడును బట్టియే కాక క్షారమును బట్టి కూడ మారును. ఒక బావి మోతాదు ప్రక్క బావికి పనికిరాదు. తక్కువైనచో ఫ్లోరైడు మిగులును, ఎక్కువైనచో నీరు వగరెక్కి అల్యూమినియము మిగులును. మోతాదు చెప్పి వెళ్ళినవారు మరల వచ్చి కొలువలేదు. ఎరువు మోతాదునకు భూసార పరీక్ష అడుగు మనము పటిక మోతాదునకు నీటి పరీక్ష ఏల అడుగలేదు?

ఇప్పుడు కాలము కొంత మారినది. 2016 లో తెలంగాణములో ప్రారంభమైన మిషన్ భగీరథ వలన కృష్ణా గోదావరి జలములు శుద్ధియై ఇండ్లకు వచ్చుచున్నవి. ఇది మిక్కిలి మేలు. కాని కొళాయి ఇంటి వద్ద ఉన్నది, పని పొలములో ఉన్నది. ఉదయము తెచ్చుకొన్న సీసా పది గంటలకే ఖాళీ. ఆపై అందరును బోరు పైపు వద్ద దోసిలి పట్టువారే. పశువులు త్రాగునదియు అక్కడి తొట్టిలోనే. ఇంటి నీటి లెక్కలలో ఈ దోసిలి ఎక్కడను కనబడదు. పొలము బోర్లను కూడ పరీక్షించి, ఆ అంకెను స్టార్టరు పెట్టెపై రంగుతో వ్రాయించుట పంచాయతీ కార్యదర్శియు, వ్యవసాయ విస్తరణాధికారియు కలిసి తలకెత్తుకొనవలసిన పని అని నా గట్టి అభిప్రాయము. కూలికి వచ్చినవారు బోరు యజమానిని అడుగలేరు. అంకె కనబడినచో అడుగవలసిన పని ఉండదు.

చింతపండు మాట కూడ చెప్పుదును, పలువురు అడుగుచుందురు గనుక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు బాలురకు రోజునకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూడగా మూత్రముతో పోవు ఫ్లోరైడు పెరిగినదని 2002 లో ప్రకటించిరి. పాలు, ఆకుకూరలు కూడ మేలే. ఇవి చెడ్డనీటికి విరుగుడు మాత్రము కావు. చారు త్రాగుచు అదే బోరును నమ్ముకొనుట తగదు.

పరీక్ష కష్టమైనది కాదు. ఒకప్పుడు నీటిని బట్టిపట్టి కొలువవలసి వచ్చెడిది. 1966 లో ఫ్రాంటు, రాసు అను శాస్త్రజ్ఞులు లాంథనము ఫ్లోరైడు స్ఫటికముతో ఒక కొలత కడ్డీని కనిపెట్టిన పిమ్మట ప్రయోగశాలలో ఇది కొద్ది నిమిషముల పని. నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు నమూనా పంపువారు గాజు సీసా వాడరాదు. ఫ్లోరైడు గాజును అంటును. శుభ్రమైన ప్లాస్టికు సీసా తీసికొని, మోటారు పది నిమిషములు నడిపిన తరువాత, అదే నీటితో మూడుమారులు తొలిచి నింపుడు. వానల ముందు ఒకసారి, వానల తరువాత ఒకసారి పంపుట మంచిది. నీటిమట్టముతోపాటు అంకెయు మారును. సీసాపై సర్వే నంబరు, బోరు లోతు, తేదీ వ్రాయుడు. పశువుల తొట్టికి వేరే బోరు నీరు వచ్చుచున్నచో దానికి వేరే సీసా.