కంప్యూటరు నెమ్మదించిందా? ముందు స్టాప్‌వాచి తీయండి!

మీ బడిలో కంప్యూటరు గది ఉంటే ఈ సంగతి మీకు అనుభవమే అయి ఉంటుంది. గంట కొడతారు. అందరూ బిలబిలమంటూ వెళ్లి కుర్చీల్లో కూర్చుంటారు. స్విచ్చి వేస్తారు. తెర మీద తెల్లని చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. తిరుగుతూనే ఉంటాయి. వెనక వరసవాళ్లు కబుర్లలో పడతారు. తెర తెరుచుకుని, తెలుగు టైపు చేసే ప్రోగ్రాము సిద్ధమయ్యేసరికి పీరియడులో పావు వంతు అయిపోతుంది.

"మొన్నటిదాకా బాగానే ఉండేది. కొత్త ఆపరేటింగ్ సిస్టం వేశాకే ఇలా తయారైంది" అంటారు మీరు. "యంత్రం పాతబడిందండీ, తీసేసి కొత్తది కొనుక్కోండి" అంటాడు బాగుచేయడానికి వచ్చినాయన. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెండూ కొలవకుండా అన్న మాటలే. నా అభ్యంతరమల్లా అక్కడే. జ్వరమానిని పెట్టకుండా జ్వరమని మందిస్తే మీరు ఊరుకుంటారా?

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో సరిగా తెలియనివారి కోసం రెండు మాటలు. కంప్యూటరులో లెక్కలు చేసే ప్రాసెసరు ఉంటుంది. అప్పటికప్పుడు పనికి కావలసిన సమాచారాన్ని పట్టి ఉంచే మెమరీ ఉంటుంది. అన్నిటినీ శాశ్వతంగా దాచే డిస్కు ఉంటుంది. వీటిని ఏ ప్రోగ్రాముకు ఎంత, ఎంతసేపు ఇవ్వాలో చూసే పెద్ద ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టం. పెళ్లింట్లో సామాను గది తాళాలు బొడ్డున దోపుకుని తిరిగే పెద్దమ్మ లాంటిదన్నమాట. ఎవరికేం కావాలన్నా ఆవిడను అడగాల్సిందే. అయితే ఆ పెద్దమ్మ కూర్చోవడానికీ కాస్త చోటు కావాలి కదా! కొత్త తరం వచ్చినప్పుడల్లా ఆ చోటు పెరుగుతోంది.

ఎంత పెరిగిందో చూడండి. 1995లో వచ్చిన విండోస్ 95కి కనీసం 4 మెగాబైట్ల మెమరీ ఉండాలన్నారు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు. 2009లో విండోస్ 7కి 1 గిగాబైటు. 2021లో వచ్చిన విండోస్ 11కి 4 గిగాబైట్లు. గిగాబైటు అంటే 1024 మెగాబైట్లు. అంటే 26 ఏళ్లలో అవసరం వెయ్యి రెట్లు దాటింది! మీరు రాసే సెలవు చీటీ మాత్రం అప్పుడూ పది వాక్యాలే, ఇప్పుడూ పది వాక్యాలే.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఆ గడువు దగ్గర పడగానే ప్రపంచమంతటా బళ్లలో, ఆఫీసుల్లో, దుకాణాల్లో కంప్యూటర్లను కొత్త తరానికి మార్చే పని జోరందుకుంది. మన బెజవాడా, మన డెల్టా పల్లెలూ అందుకు మినహాయింపు కావు. మేమూ ఆ రోజుల్లోనే ఆ పని చేశాము.

నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. భౌతికశాస్త్రం చెప్పుకునేవాణ్ణి. మా బడి గదిలో పన్నెండు కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. ఒక్కొక్కదానిలో 4 గిగాబైట్ల మెమరీ, గిర్రున తిరిగే పాతరకం హార్డు డిస్కు ఉన్నాయి. దసరా సెలవుల తరువాత కొత్త ఆపరేటింగ్ సిస్టం వేశారు. పన్నెండోదాని డిస్కులో ఖాళీ చాలక అది మాత్రం పాతదానితోనే ఉండిపోయింది. అప్పుడు విసుక్కున్నాం గాని, అదే మాకు మేలు చేసింది. ఎందుకో చెబుతాను.

మర్నాటి నుంచీ తొమ్మిదో తరగతివాళ్లు గోల. "సార్, చాలా నెమ్మదిగా ఉంది." ఎంత నెమ్మది? "చాలా!" అంతకు ముందు ఎంతసేపు పట్టేది? జవాబు లేదు. ఎవరూ రాసి పెట్టుకోలేదు, నేనూ రాయలేదు. పోల్చడానికి మిగిలింది ఆ పన్నెండో కంప్యూటరు ఒక్కటే. ప్రయోగంలో ఒకదాన్ని ఏ మార్పూ లేకుండా పక్కన ఉంచుకోవాలని మీ పుస్తకాల్లో ఉంటుంది చూడండి, అది దానంతట అదే జరిగింది.

లోలకం ప్రయోగానికి వాడే స్టాప్‌వాచి తీసుకున్నాం. స్విచ్చి వేసిన క్షణం నుంచి తెలుగులో మొదటి అక్షరం పడేదాకా కొలవాలని నియమం పెట్టుకున్నాం. లోలకానికి చేసినట్టే మూడుసార్లు కొలిచి సగటు తీశాం. మార్చిన కంప్యూటరుకు 9 నిమిషాల 20 సెకన్లు. పన్నెండోదానికి 3 నిమిషాల 40 సెకన్లు. "ఇంకేం సార్, దొంగ దొరికాడు!" అన్నారు పిల్లలు.

ఆగమన్నాను. కొత్త ఇంట్లో దిగిన రోజున ఎవరైనా వేళకు వంట చేయగలరా? పెట్టెలు విప్పాలి, సామాను సర్దాలి. ఆపరేటింగ్ సిస్టం మారినప్పుడూ అంతే. డిస్కులోని ఫైళ్లన్నిటికీ కొత్తగా సూచిక తయారు చేసుకుంటుంది, వైరసుల కోసం వెదుకుతుంది, మిగిలిపోయిన భాగాలను నెట్ నుంచి దించుకుంటుంది. మనకు కనబడకుండా ఇదంతా వెనక జరుగుతుంటుంది. పీరియడు అవగానే మనం స్విచ్చి ఆపేస్తే ఆ పని ఏనాటికీ తెమలదు. అందుకని రెండు రోజులు కంప్యూటర్లను ఆపకుండా వదిలేశాం. మూడో రోజున కొలిస్తే 6 నిమిషాలు వచ్చింది. అంటే తొలిరోజు నేరంలో మూడు నిమిషాలకు పైగా సామాను సర్దుడుదే!

మిగతాదాని సంగతేమిటి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు అనే పట్టిక వస్తుంది. ఏది ఎంత పనిలో ఉందో నూటికి ఇంత అని చూపిస్తుంది. మా కంప్యూటరులో ప్రాసెసరు 12, మెమరీ 91, డిస్కు 100. గమనించారా? పని చేయవలసిన ప్రాసెసరు చేతులు కట్టుకు కూర్చుంది. దానికి సరుకు అందడం లేదు.

ఇక్కడ చిన్న లెక్క చేయాలి. భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే. హార్డు డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుందనుకోండి. అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ఆ సూదిని మోసే చేయి అటూ ఇటూ జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు. మొత్తం 12 మిల్లీసెకన్లు వేసుకుందాం. మెమరీ నుంచి సమాచారం తీయడానికి సుమారు 100 నానోసెకన్లు చాలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1,20,000 వస్తుంది.

అంత పెద్ద సంఖ్య మనసుకు ఎక్కదు. ఇలా ఊహించండి. బెజవాడలో మీ గదిలో కూర్చున్నారు. ఎదురుగా బల్ల మీద ఉన్న పుస్తకం అందుకోవడానికి ఒక్క సెకను. అది మెమరీ. పుస్తకం బల్ల మీద లేకపోతే 1,20,000 సెకన్లు, అంటే 33 గంటలు. బెజవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నడిచి వెళ్లి, పుస్తకం తీసుకుని, నడిచి తిరిగి రావడానికి ఇంచుమించు అంతే పడుతుంది. అది హార్డు డిస్కు!

బల్ల చిన్నదైతే ఏమవుతుంది? కొత్త పుస్తకం పెట్టాలంటే ఉన్నవాటిలో ఒకటి బందరు పంపాలి. మరు నిమిషంలో అదే కావాలంటే మళ్లీ బందరు ప్రయాణం. మెమరీ చాలని కంప్యూటరు చేసేది అచ్చంగా ఇదే. కొత్త ఆపరేటింగ్ సిస్టం బల్ల మీద ఎక్కువ చోటు ఆక్రమించింది, అందువల్ల ప్రయాణాలు పెరిగాయి. యంత్రం ముసలిదై కాళ్లు నొప్పి పుట్టి నడవలేకపోవడం కాదు.

ఇక మేం చేసిన చికిత్స. స్విచ్చి వేయగానే అడగకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములు అయిదు ఉంటే ఆపేశాం. 5 నిమిషాలకు దిగింది. మూలన పడి ఉన్న చచ్చిపోయిన కంప్యూటరులోంచి అదే రకం మెమరీ పలకను తీసి ఒకదానికి అమర్చాం. మొదలవడానికి 4 నిమిషాలు పట్టింది గాని, రెండో ప్రోగ్రాము తెరిస్తే కొయ్యబారిపోవడం పోయింది. ఆఖరున హార్డు డిస్కు తీసి తిరగని డిస్కు, ఎస్‌ఎస్‌డి అంటారు, వేయించాం. 50 సెకన్లు! పన్నెండోదానికంటే, అంటే పాత సిస్టం ఉన్నదానికంటే, నాలుగు రెట్లు వేగం. ఆ రోజు బిల్లు కొత్త కంప్యూటరు ధరలో పదో వంతు కూడా కాలేదు. (మీరు ఇంట్లో ఇలాంటివి చేయబోతే ముందు మీ ఫైళ్లు వేరేచోట దాచుకోండి. కరెంటు తీగ పీకకుండా, పెద్దవాళ్లు పక్కన లేకుండా పెట్టె విప్పకండి.)

ఇంతవరకు వచ్చాక ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. "అప్‌డేట్లే వద్దు, ఆపేస్తే పోలా?" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరే కంతను పూడ్చే అప్‌డేటు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివారే ఎక్కువగా చిక్కారు. గట్టు మరమ్మతు మానేసి కాలువ నీళ్లు వేగంగా పారుతున్నాయని మురిసేవాణ్ణి మన రైతులు ఏమంటారో మీకు తెలుసు.

అయితే తప్పంతా వాడేవాళ్లదేనా? కాదని నా అభిప్రాయం. పాస్కల్ అనే కంప్యూటరు భాషను రూపొందించిన స్విట్జర్లాండు శాస్త్రవేత్త నిక్లౌస్ వర్త్ 1995లోనే ఈ జబ్బును ఎత్తిచూపాడు. యంత్రాలు వేగం పుంజుకునేదానికంటే ప్రోగ్రాములు మందగించేదే ఎక్కువగా ఉందని ఆయన ఫిర్యాదు. న్యాయంగా రెండో వైపూ చూడాలి. పెరిగిన బరువంతా దండుగ కాదు. విండోస్ 95లో ఇప్పటిలా తెలుగు యూనికోడు లేదు. ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు అక్షరరూపం విండోస్‌లోకి వచ్చింది. భద్రత కూడా ఎంతో మెరుగైంది. కాని బరువులో ఎంత అవసరానికి, ఎంత అలంకారానికి అని అడిగే హక్కు మనకుంది.

ప్రకాశం బ్యారేజి మీద నిలబడి చూస్తే కాలువలన్నీ నిండుగానే కనిపిస్తాయి. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. పంపిణీ బాగుందో లేదో తెలుసుకోవాలంటే బ్యారేజి దగ్గర కాదు, నాగాయలంక, కోడూరు వైపు చివరి చేలకు వెళ్లి చూడాలి. ప్రోగ్రాములు రాసేవారు బ్యారేజి దగ్గర ఉన్నారు. వాళ్ల బల్లల మీద సరికొత్త యంత్రాలుంటాయి, అక్కడ అన్నీ పరుగెడతాయి. మనం కాలువ చివర ఉన్నాం. కొత్త సిస్టం బాగుందనడానికి ముందు దాన్ని 4 గిగాబైట్ల కంప్యూటరు ఉన్న పల్లెటూరి బడిలో నలభై నిమిషాల పీరియడులో నడిపి చూడాలంటాను. "కనీస అవసరం" అని అట్ట మీద అచ్చు వేసే అంకె, యంత్రం ప్రాణంతో లేస్తుందని మాత్రమే చెబుతుంది. దానితో పిల్లవాడు పాఠం నేర్చుకోగలడని కాదు.

దారి ఇంకొకటి కూడా ఉంది. లినక్స్ మీద తయారైన తేలిక రకం సిస్టంలు ఉచితంగా దొరుకుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో అలాంటిదే ఏళ్ల తరబడి వాడుతున్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారు చేసింది. అదీ మంత్రదండమేమీ కాదు. పాఠాలకు మీరు వాడే ప్రోగ్రాము అందులో నడుస్తుందో లేదో ముందు చూసుకోవాలి.

మా గదిలో ఈ ఏడాది మరో నాలుగు కంప్యూటర్లకు డిస్కులు మార్చాం. తలుపు వెనక ఒక అట్ట తగిలించి, నెలకోసారి ఒక్కొక్కదాని సమయం కొలిచి రాస్తున్నారు. పన్నెండోదానికి మాత్రం నెట్ తీగ పీకేసి, పాత సిస్టంతోనే అలాగే ఉంచాం. "పోలికకు ఒకటి ఉండాలి కదా సార్" అన్నది తొమ్మిదో తరగతివాళ్లే.