పుచ్చకాయకు చక్కెర ఎందుకు?

వేసవి రాగానే సికిందరాబాదు మోండా మార్కెట్టులో పుచ్చకాయలు రాశులుగా దర్శనమిస్తాయి. సుమారు 92 శాతం నీరే గల ఈ ఫలం స్వతహాగా పానీయమే. నా దృష్టిలో దానికి చక్కెర అనవసరం. ఏ నీటితో చేసినదో తెలియని మంచుగడ్డ ప్రమాదకరం. ఎర్రని గుజ్జును చిలికి, నిమ్మరసం, పుదీనా, చిటికెడు ఉప్పు, నానిన సబ్జా గింజలు చేర్చి, కుండనీరు కొద్దిగా కలిపితే చక్కని షర్బత్తు సిద్ధమవుతుంది. తొక్కకు అంటుకొని ఉండే తెల్లని భాగం సైతం పప్పులోనికీ పచ్చడికీ పనికివస్తుంది.

చలివేంద్రాలు నెలకొల్పి బాటసారుల దప్పిక తీర్చిన సంస్కృతి మనది. విద్యార్థులారా! సీసా పానీయాలకు వెచ్చించే పైకంతో ఒక పండు కొనండి. ఇంటిల్లిపాదితో పాటు, ఎండలో మీ గుమ్మం ముందుకు వచ్చిన శ్రామికునికీ ఒక గ్లాసెడు అందించండి.