ఎంత తిన్నారన్నది కాదు ప్రశ్న

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం దొరకాలంటే పెట్టిపుట్టాలని గుజరాతీలో ఒక సామెత. ఆ ఊరివారు సామెతకు మాట రానివ్వరు. శరత్పూర్ణిమ మరునాడు అక్కడ 'చందీ పడవో' పండుగ. కోవా, బాదం, పిస్తా కూరి, నేతితో పూత పెట్టిన 'ఘారీ' అనే మిఠాయిని, 'భూసూ' అనే కారపు మిశ్రమంతో కలిపి, వెన్నెల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆరగిస్తారు. సంక్రాంతికి ఉంధియు, చలికాలంలో పోంక్ సరేసరి. పోంక్ అంటే మరేమీ కాదు, మన ఊచబియ్యమే.

ఇటువంటి ఊళ్లో ఒక వైద్యుడు ప్రశ్నాపత్రం పట్టుకొని, "గత మూడు నెలల్లో, చాలామంది తినేదానికన్నా బాగా ఎక్కువగా ఎప్పుడైనా తిన్నారా?" అని అడిగితే ఏమని జవాబు చెప్పాలి?

ఇది వేళాకోళానికి వేసిన ప్రశ్న కాదు. 'బింజ్ ఈటింగ్ డిజార్డర్' అనే మానసిక రుగ్మతను ప్రాథమికంగా గుర్తించడానికి 2016లో ప్రచురితమైన ఏడు ప్రశ్నల పత్రంలో మొదటిదాని సారాంశం ఇదే. ఈ రుగ్మతకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు గనుక, ప్రస్తుతానికి 'ఆపుకోలేని తిండి' అందాం. స్థూలకాయుల్లో కొందరు ఈ తీరున తింటున్నారని ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ వైద్యుడు 1959లోనే వర్ణించాడు. అయినా అమెరికన్ మనోవైద్యుల గ్రంథంలో దీనికి ప్రత్యేక రుగ్మతగా స్థానం దక్కింది 2013లోనే. కొద్ది వ్యవధిలో చాలా ఎక్కువ తినడం, ఆపుదామన్నా ఆపలేకపోవడం, తరువాత తన మీద తనకే రోత కలగడం దీని లక్షణాలు. ఇది వారానికి ఒక్కసారైనా చొప్పున, మూడు నెలలపాటు సాగితే రుగ్మతగా లెక్కిస్తారు.

ఆ పత్రంలో ఒక మెలిక ఉన్నది. మొదటి ప్రశ్నకు 'లేదు' అంటే, తక్కిన ఆరూ అడగనక్కరలేదు. అంటే మొదటి ప్రశ్నే గుమ్మం. అనువాదం అక్కడ పొరపడితే, నిజంగా బాధపడుతున్న మనిషి గుమ్మం బయటే నిలిచిపోతాడు.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణనుంచి వచ్చిన చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. మగ్గం వదలి మరమగ్గం పట్టినవారు వీరు. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతున్నది. వీరి ముందు ఇటువంటి పత్రం పెట్టామనుకోండి. గబగబా తింటారా అంటే, పన్నెండు గంటల షిఫ్టులో తీరిక దొరికిన కాసేపట్లో నాలుగు ముద్దలు మింగే కార్మికుడు అవుననే అంటాడు. ఒంటరిగా తింటారా అంటే, అందరికీ వడ్డించి చివర మిగిలినది తినే ఇల్లాలు అవుననే అంటుంది. ఏకాదశినాడు పగలంతా ఉపవాసముండి, మరునాడు కడుపునిండా పారణ చేసినవారి సంగతి సరేసరి. వీటిలో ఏదీ రోగం కాదు. సిగ్గుతో చాటుగా తినడం వేరు, ఆనవాయితీగా ఆఖరున తినడం వేరు.

ఈ చిక్కు కొత్తది కాదు. మైకేల్ కింగ్, దినేశ్ భూగ్రా అనే మనోవైద్యులు ఉత్తర భారతంలోని విద్యార్థినులకు ఆహార రుగ్మతల ప్రశ్నాపత్రాన్ని హిందీలో ఇచ్చి, ఆ ఫలితాలను 1989లో ప్రకటించారు. కొన్ని ప్రశ్నలకు వచ్చిన జవాబులు రోగాన్ని కాక, అక్కడి ఆచారాలనే చూపుతున్నాయని వారు గ్రహించారు.

అనువాదాన్ని సరిచూడడానికి ఒక పద్ధతి ఉన్నది. తెలుగులోకి వచ్చినదాన్ని, మూలం చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి పోల్చడం. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో దీనిని శాస్త్రీయంగా వివరించాడు. మంచి పద్ధతే గాని, చాలదు. 'మీరు అదుపు తప్పారా?' అన్న వాక్యం ఇంగ్లీషులోకి నిక్షేపంగా తిరిగివెళుతుంది. కాని మన ఆడపడుచును ఆ మాట అడిగిచూడండి! నడవడిని శంకించారని నొచ్చుకుంటుంది. 'అతిగా తింటారా?' అంటే 'తిండిపోతువా?' అన్నట్లే వినిపిస్తుంది. ఆ బిరుదును ఎవరు ఒప్పుకుంటారు?

"ఇక చాలుననుకొన్నా చేయి ఆగడం లేదా? ఎవరైనా చూస్తారేమోనని దాచుకొని తింటున్నారా? తిన్న తరువాత మీమీద మీకే అసహ్యం వేస్తున్నదా?" అని అడగండి. బాధపడే మనిషికి ఈ మాటలు అందుతాయి. పండుగనాడు పది ఘారీలు తిన్నవాడు నవ్వి, లేదంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ కూడా, 2022లో అమలుకు వచ్చిన కూర్పులో, తిన్నది భారీ పరిమాణమే కానక్కరలేదని, ఆపుకోలేకపోవడమే ముఖ్యమని గుర్తించింది.

ఈ తేడా తెలియకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. ఈ రుగ్మత ఉన్నవారందరూ లావుగా ఉండరు. అందరూ స్త్రీలే కారు. లావుగా ఉన్నవారికి దొరికేది సాధారణంగా 'నోరు కట్టుకో' అన్న సలహా. తీరా కఠినంగా కడుపు మాడ్చుకొంటే, మరునాడో ఆ మరునాడో ఆ ఆవేశం రెట్టింపై తిరగబడడం కద్దు. ఆలోచనలనూ అలవాట్లనూ క్రమంగా సరిదిద్దే సంభాషణ చికిత్సతో చాలామంది కోలుకొంటున్నారు. ప్రశ్నాపత్రం రోగ నిర్ధారణ చేయదు. అది వైద్యుడి వద్దకు దారి చూపుతుందంతే. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, సూరత్‌నుంచి అయినా సరే.

పొద్దుపోయాక వంటింట్లో డబ్బా మూత చప్పుడైతే, ఎంత తిన్నావని లెక్క అడగకండి. మనసెలా ఉన్నదో అడగండి.